నూకాలమ్మ ఆపిన పడవ

ఉప్పునీటిలో నానిపోయి, ఎండలో ఎండిన లైఫ్ జాకెట్‌కు ఒక వాసన ఉంటుంది. కొంత రబ్బరు, కొంత డీజిలు, కొంత చేపల నీచు. కార్తీకం వస్తోంది కదా అని రేవు నుంచి జాకెట్లు తెచ్చి, ఉతికి, విజయనగరంలో మా మేడ మీద తీగకు ఆరవేశాను. పొద్దున గాలి తిరిగి ఆ వాసన వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద పాలున్నాయని తెలిసి కూడా మేడ ఎక్కాను. అక్కడ చేయవలసిన పనేమీ లేదు. జాకెట్ల మధ్య కాసేపు అటూ ఇటూ తిరిగాను. నూకాలమ్మ పిన్ని గుర్తుకొస్తే ఇప్పటికీ నాకు కాలు నిలవదు.

మాది సంగీతం ఇల్లు. నాన్న వీణ, గాత్రం చెప్పేవారు. శ్రుతిపెట్టె ముందు గంటలకొద్దీ కూర్చోవలసిన ఇంట్లో, ఒకచోట కూర్చోలేని పిల్లగా పెరిగాను. గొంతు బాగుంది, నిలకడే లేదని నాన్న చివరికి విసిగి వదిలేశారు. తెలుగు టీచరునయ్యాక, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, మత్స్యకారుల ఊరి బడిలో నన్ను వేశారు. బడి వదిలాక ఏం చేయాలో తోచేది కాదు. ఒడ్డు వెంట ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేదాన్ని. అలా నడుస్తుంటే ఒక సాయంత్రం ఒక పెద్దావిడ ఎదురొచ్చి నిలబడింది. రోజూ చేపల తట్టతో ఏరు దాటి అవతలి ఊళ్ళలో అమ్ముకొచ్చే నూకాలమ్మ.

“టీచరమ్మా, నువ్వు బళ్ళో పాఠం సెప్తంటే రేవు కాడికి ఇనిపిస్తాది. మా సంగంలోకి రారాదా?”

“ఏం సంఘం పిన్నీ?”

“పడవలు మునక్కుండా సూసే సంగం.”

“నాకు ఈత రాదు.”

“ఈత మేం నేర్పుతాం. మాకు గొంతు కావాల.”

ఆ సంఘంలో ఒక దర్జీ, ఒక ఇంజన్ మెకానిక్, ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకునే కొందరు పిల్లలు, వేట మానేసిన ఇద్దరు ముసలివాళ్ళు ఉండేవారు. సెలవు రోజుల్లో జనం పడవెక్కి అవతల ఇసుక దిబ్బకు వనభోజనాలకు వెళతారు. సంఘం వాళ్ళు రేవులో నిలబడి ఎక్కేవాళ్ళకు జాకెట్లు కట్టాలి, బరువెక్కువైన పడవను ఆపాలి, ఎవరైనా పడితే తాడు విసరాలి. దూరాన ఉన్న పడవకు కేకవేసి చెప్పడం నా పని. కాని ముందు నీళ్ళలో తేలడం రావాలంది పిన్ని. మెడలోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి, నా నడుము కింద చేయి పెట్టి వెనక్కి పడుకోబెట్టింది. నేను కాళ్ళు కొట్టుకున్నాను, మునిగాను, ఉప్పునీళ్ళు తాగాను. “కాలాడించకు. ఆకాశం సూడు,” అంది. వారం పైనే పట్టింది. ఒక సాయంత్రం ఆమె చేయి ఎప్పుడు తీసేసిందో తెలియలేదు. చెవులు నీళ్ళలో ఉండటంతో లోకం చప్పుడు ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నా ఒళ్ళు అంత ఊరికే ఉండటం అదే మొదలు. ఒడ్డుకొచ్చాక మళ్ళీ మామూలే, అది వేరు సంగతి.

ఆమె ఇంట్లో ఎవరో ఏట్లో పోయి ఉంటారని, అందుకే ఈ పట్టుదల అని నేను అనుకున్నాను. ఒకసారి అడిగేశాను. “మా ఇంట్లో ఎవుళ్ళూ పోనేదు. పోకముందే సెయ్యాల గదా ఈ పని,” అంది చికాగ్గా.

ఆ కార్తీకంలో ఒక ఆదివారం రాజాం నుంచి ఒక పెద్ద బంధువర్గం వచ్చింది. గ్యాసు పొయ్యి, గుండిగలు, పిల్లలు, ముసలివాళ్ళు. అందరూ ఒకే పడవలో ఎక్కారు. ఆ పడవ పిన్ని సొంత తమ్ముడు అప్పలరాజుది. పడవ అంచు నీళ్ళకు జానెడు ఎత్తున కూడా లేదు. సముద్రం మీంచి గాలి మొదలైంది. పిన్ని నీళ్ళలోకి దిగి పడవ తాడు పట్టుకుంది.

“అప్పా, తాడు ఒగ్గీ,” అన్నాడు అప్పలరాజు. అక్కను వాళ్ళు అప్పా అనే పిలుస్తారు.

“ఒగ్గను. సగంమందిని దించు.”

“నిన్న ఇంతే మందిని తీసుకెల్లాను. ఏటయింది?”

“నిన్న గాలి నేదు.”

“నలుగురి ముందర నా పరువు తీస్తన్నావు.”

“తీస్తన్నాను. దించు.”

జనం గొణిగారు, తిట్టారు. చివరికి అందరూ దిగిపోయి, ఈ ఒడ్డునే పొయ్యి వెలిగించుకున్నారు. అప్పలరాజు పడవను ఇసుక మీదికి లాగి, “నేటి నుంచి నువ్వు నాకు అప్పవి కావు,” అని వెళ్ళిపోయాడు. కాసేపటికి గాలి పడిపోయింది. ఏరు పళ్ళెంలా పరుచుకుంది. మిగతా పడవలన్నీ వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాయి. చివరి పడవ వచ్చేదాకా పిన్ని రేవులో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

“పొరపాటు పడ్డామేమో పిన్నీ,” అన్నాను.

“పడ్డామేమో. ఎల్లుంటే ఏటయ్యేదో ఎవులికి తెలుసు? ఎప్పటికీ తెలీదు. ఈ పనిలో బాద అదే టీచరమ్మా.”

ఆ మాఘంలో అప్పలరాజు కూతురి పెళ్ళి జరిగింది. తల్లి లేని ఆ పిల్లను పెంచింది పిన్నే. అయినా పిలుపు రాలేదు. ఊరంతా సన్నాయి వినిపిస్తుంటే ఆమె ఇంట్లో ఉండలేక రేవుకు వచ్చేసింది. ఉన్న తాళ్ళన్నీ విప్పి మళ్ళీ చుట్టింది. ఒకసారి వెళ్ళి నిలబడి రావచ్చు కదా అన్నాను. “పిలవని పేరంటానికి ఎల్లను,” అని ఇంకో తాడు అందుకుంది.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మి గాలివాన పట్టుకుంది. అవతలి ఒడ్డు నుంచి వస్తున్న ఒక పడవ ఇంజను ఆగిపోయి, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు కొట్టుకుపోసాగింది. అక్కడ అలలు విరిగిపడుతున్నాయి. అది అప్పలరాజు పడవ. సంఘం పడవను మెకానిక్ తీశాడు. పిన్ని, నేను ఎక్కాం. దగ్గరకు వెళ్ళేసరికి అందులోని వాళ్ళు భయంతో లేచి, మా వైపే ఒరిగి నిలబడ్డారు. పడవ పక్కకు వాలుతోంది. “కూకోమని సెప్పు,” అంది పిన్ని. నాన్న ఎంత పోరినా తారస్థాయిలో నిలవని నా గొంతు ఆ వానలో నిలిచింది. “కూర్చోండి. అందరూ కింద కూర్చోండి.” ఊపిరి అయిపోయేదాకా అదే మాట అన్నాను. ఒక్కొక్కరే కూర్చున్నారు. పిన్ని తాడు విసిరింది. అప్పలరాజు అందుకున్నాడు. ఆ రోజు ఆ పడవలో జనం తక్కువే. అక్క మాట మనసులో పెట్టుకున్నాడో, వానకు జనమే రాలేదో నేనెప్పుడూ అడగలేదు.

పడవను ఒడ్డుకు లాగాం. అందరూ దిగాక అప్పలరాజు తడిసిన తాడును చేతికి చుట్టుకుంటూ, ఆమె మొహం చూడకుండా అడిగాడు.

“అప్పా, బువ్వ తిన్నావా?”

“నేదు.”

“రా.”

తడిచీర పిండుకుంటూ ఆమె తమ్ముడి వెనక నడిచింది. నాతో వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

ఆ తరువాత కొన్నేళ్ళకు జబ్బుచేసి శ్రీకాకుళంలో ఆసుపత్రిలో చేరింది. అప్పలరాజు మంచం పక్కన కింద కూర్చుని ఉండేవాడు. చూడటానికి వెళితే నా క్షేమం అడగలేదు. “గాలెటు ఉన్నాది?” అంది. కిటికీలోంచి చెట్ల కొమ్మలు చూసి చెప్పాను. కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించింది, రేవులో పడవలు కనిపిస్తున్నట్టు. ఆ వారమే పోయింది.

విజయనగరం వచ్చేశాక కూడా సెలవు రోజుల్లో రేవుకు వెళుతూనే ఉన్నాను. సంఘంలో చేరితే ఏమొస్తుందని నన్ను చాలామంది అడుగుతారు. ఈత వచ్చింది. వాన పడితే నా కోసం ఎదురుచూసే మనుషులు దొరికారు. నాన్న పనికిరాదన్న గొంతు పనికొచ్చింది. అయితే ప్రశాంతత వస్తుందని మాత్రం నేను ఎవరికీ చెప్పను. మొన్న పని మీద రాజాం వెళ్ళినప్పుడు, కాలేజీ అమ్మాయిలు వేలాడుతున్న ఆటో ఒకటి కదలబోతుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. డ్రైవరు విసుక్కున్నాడు. ఇద్దరమ్మాయిలు మొహం మాడ్చుకుని దిగారు. క్లాసుకు ఆలస్యమవుతుందని నా మొహానే అన్నారు. ఆటో వెళ్ళిపోయింది. వాళ్ళు దిగకపోయినా అది క్షేమంగానే చేరేదేమో. బస్సులో ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. మనసు కుదుటపడలేదు. కుదుటపడమని దాన్ని అడగడం నేను ఎప్పుడో మానేశాను.