ఎముకల వయసు

ఈ ఏడాది మా అమ్మాయి గబగబా ఎత్తు పెరిగింది. జూన్‌లో కొన్న యూనిఫాం దీపావళికే పొట్టిదైంది. ఐదేళ్లప్పుడు మెదడులో గడ్డ తీసి, తలకు రేడియేషన్ ఇచ్చిన పిల్ల. ఇక ఎదగదేమోనని రెండేళ్లుగా భయపడుతున్న నాకు ఆ పొట్టి యూనిఫామే పండగైంది. ఫొటో తీసి మా అమ్మకు పంపాను.

కింద వాటాలో ఉండే ఓనరమ్మ మెట్ల దగ్గర పిల్లను చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏమప్పా, పాప ఇంత ఎత్తైండాదే! ఏం పెడతాండావు దీనికి? ఇట్లైతే బిరీన పెద్దమనిషయ్యేట్టుండాది. దొడ్డబళ్ళాపురంలో మా అన్నకు చెప్పి పట్టులంగా ఇప్పుడే నేయించి పెట్టుకో."

నవ్వాను గానీ, పైకి వెళ్లగానే అది విడిచిన యూనిఫాం వాసన చూశాను. ఈమధ్య దాని ఒంటికి పెద్దవాళ్ల చెమట వాసన వస్తోంది. ఆటల వల్లేమో అనుకున్నాను.

"ఎత్తు పెరగడం మంచిదే కదా డాక్టర్?" అని ఆసుపత్రిలో అడిగాను, అవుననిపించుకోవాలని.

"త్వరగా పెరగడం, బాగా పెరగడం ఒకటి కాదమ్మా," అన్నారు హార్మోన్ల డాక్టరమ్మ. మెదడు అడుగున హార్మోన్లను నడిపించే కణాలుంటాయట. ఈడు రాకుండా ఆపి ఉంచేవి రేడియేషన్‌కు ముందుగా దెబ్బతినవచ్చట. అప్పుడు ఈడు తొందరగా వస్తుంది, ఎముకలు ముదిరి ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. "ఎర్లీగా తెలిస్తే ఇంజెక్షన్‌తో హోల్డ్ చేయొచ్చు. ముందు చేతికి ఎక్స్‌రే తీద్దాం. ఎముకల వయసు తెలుస్తుంది."

"మళ్లీ రేడియేషనా?"

"చాలా తక్కువమ్మా. దానికీ దీనికీ పోలికే లేదు."

నాకూ తెలుసు, బయోటెక్నాలజీ చదివాను. ఆనాడు ఒప్పుకోకపోతే పిల్లే దక్కేది కాదనీ తెలుసు. అయినా ఎక్స్‌రే చీటీని రెండుసార్లు చదివాను.

ఎక్స్‌రే గదిలో ఎవరూ చెప్పకముందే అది అరచేయి బల్ల మీద పరిచి, కళ్లు మూసుకుని బిగుసుకుపోయింది.

"ఊపిరి తీసుకో పుట్టీ, చెయ్యి ఒక్కటి ఆడించకుంటే సాలు," అని టెక్నీషియన్ కన్నడ ముద్దుపేరుతో పిలిచి నవ్వింది.

ఆటోలో అడిగింది: "క్లాసులో నేనే టాల్ తెలుసా? ఇంకా పెరుగుతాను కదమ్మా?"

"పెరుగుతావు," అన్నాను రోడ్డు వైపు చూస్తూ.

రిపోర్టు రేపు వస్తుంది. రాత్రి నిద్రలో దుప్పటి తొలగి దాని చెయ్యి బయటికొచ్చింది. ఏడేళ్ల చెయ్యిలాగే ఉంది. పైకి చూస్తే తెలియదని డాక్టరమ్మ చెప్పారు. అయినా లైటు ఆర్పలేకపోతున్నాను.