పదిహేడో రోజు పాకం

మా అవ్వకి ఉండేది ఒకటే కన్ను. ఎడమది నేను పుట్టకముందే పోయింది. చింతకాయలు రాలగొడతా ఉంటే బరికె ఎగిరొచ్చి తగిలిందంట. మిగిలిన కుడి కంటికి పొర కమ్మితే, తొంభై తొమ్మిదిలో దసరా అయిన రెండో రోజు పుత్తూరులో ఆపరేషన్ చేయించినాం. కట్టు విప్పి నల్లద్దాలు పెడతా, డాక్టరు జాగ్రత్తలన్నీ మా నాయనకి కాదు, నాకు చెప్పినాడు. నలభై రోజులు పొగ తగలకూడదు. వంగకూడదు. తలకి పోసుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కన్ను నులుముకోకూడదు.

"లోపల కుట్లుండాయి. నులిమితే తెగిపోతాయి. ఈ కన్ను పోతే ఆమెకి ఇంకోటి లేదు, తెలుసు కదా?"

నాకెందుకు చెప్పినాడంటే, ఇంట్లో పనీపాటా లేకుండా ఉండేది నేనే. డిగ్రీ రెండో ఏట్లో వదిలేసి వచ్చి అప్పటికి ఆరు నెలలు.

"వీడా నాకు కాపలా?" అనింది అవ్వ బస్సులో, పక్క సీటామెకి కూడా వినపడేటట్టు. "కాలేజీనే నిలుపుకోలేనోడు నా కన్ను నిలుపుతాడంట."

మాది వడమాలపేట దగ్గర ఊరు. అవ్వ పేరు చంద్రకాంతమ్మ. పద్నాలుగో ఏట ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. పండగ రోజంటే ఆమెకి పెద్ద పట్టింపు లేదు. పండగకి ముందు పదిహేను రోజులే ఆమె పండగ. వానలు మొదలవుతాయి. చేన్లో పెరికిన చెనిక్కాయ చెట్లు తెచ్చి ఇంటిముందు పంచలో కుప్పేస్తారు. అవ్వ ఆ కుప్పకి ఆనుకోని కూర్చుంటాది. కాయలు తెంపుతాది, తెంపేవాళ్లని తిడతాది. తొడిమ ఉంచేసినావని ఒకరిని, లేతకాయ పారేసినావని ఇంకొకరిని. మధ్యలో లేచిపోయి ఇన్ని పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెడతాది. మా చెల్లెలు రేవతికి జడేస్తానే నోట్లో గింజలు నములుతాది. జడ వంకరపోతే, "నీ తలే వంకర, నేనేం చేసేది" అంటాది. ఆమె సంతోషాలు ఇంతే, బయట చెప్పుకునేటంతవి కావు. ఆ ఏడు డాక్టరు వద్దన్నవి మాత్రం చాలావరకు ఇవే. కుప్ప దగ్గర వంగకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. పదహారు రోజులు గోడకి ఆనుకోని కూర్చోబెట్టినాం. తిట్టేదానికి మాత్రం ఏ డాక్టరూ అడ్డం చెప్పలేదు కాబట్టి అది రెండింతలైంది.

అసలు గొడవ అత్తిరసాలతో వచ్చింది. వేరే జిల్లాలోళ్లు అరిసెలంటారే, అవే. మా ఇంట్లో దీపావళికి కేదారేశ్వర నోము. ఇరవై ఒక్క పోగుల దారం, ఇరవై ఒక్క తమలపాకు, ఇరవై ఒక్క అత్తిరసం. కొన్నవి పనికిరావు. ఒక్కపొద్దు ఉన్న ఆడమనిషి ఇంట్లోనే చెయ్యాల. అత్తిరసానికి అంతా బెల్లం పాకమే. లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతాది, ముదిరితే రాయి. విరిగింది నోముకి పెట్టరు. నలభై ఎనిమిదేళ్లుగా ఆ పాకం పట్టింది అవ్వ ఒక్కతే. మా అమ్మ ప్రసన్నకుమారి ఇరవై రెండేళ్లు పిండి దంచింది, ఆకు మీద తట్టింది, నూనెలో కాల్చింది. పాకం గంటె మాత్రం ఆమె చేతికి రాలేదు.

"పాకానికి ఇంట్లో ఒక చెయ్యే ఉండాల" అనేది అవ్వ.

అది శాస్త్రం కాదు, పెత్తనమని ఒకసారి మొహం మీదే అన్నాను. "అవున్రా, పెత్తనమే. ఏం, నీక్కావాల్నా?" అనింది.

నోముకి ముందురోజు. ఆపరేషనై పదిహేడో రోజు. మూడు రోజులుగా ముసురు. కట్టెలన్నీ చెమ్మగిలినాయి. గ్యాసుకి రాసిపెట్టి రెండేళ్లయినా ఇంకా రాలేదు. తెల్లారే నాయన చేనికి పోతాపోతా, "మా, నువ్వు వంటింటి గడప తొక్కితే నేను నోముకే కూర్చోను" అని చెప్పి పోయినాడు. నేను నడిమింటి వాకిట్లో కుర్చీ వేసుకోని కూర్చున్నాను. వెనక వంటింట్లో అమ్మ. ముందర పంచలో చాప మీద అవ్వ.

"ప్రసన్నా, నురగొచ్చిందా?"

"వచ్చింది."

"పెద్ద నురగా, సన్న నురగా?"

లోపల గంటె తిరుగుతానే ఉంది.

"అడిగినదానికి చెప్పదు సూడు."

"నన్ను చేసుకోనీ అత్తా!" లోపల్నుంచి అమ్మ అరిచింది.

కొంచేపటికి గంటె గిన్నెకి గీసుకున్న చప్పుడు వచ్చింది. అవ్వ తల పక్కకి వంచి వినింది. "పాయె. ముదిరిపాయె."

నిజమే. రేవతి పరిగెత్తుకొచ్చింది. పిండి గిన్నెకి పట్టుకోని రాయైపోయిందంట, అమ్మ ఏడస్తా ఉండాదంట. ఇంకొక్క దఫాకి సరిపోయే పిండి మిగిలి ఉండాది. అది కూడా పోతే మళ్లీ బియ్యం నానబెట్టి దంచేదానికి టైము లేదు. రేపే నోము.

అవ్వ లేచింది. నేను వాకిలికి అడ్డంగా చెయ్యి పెట్టినాను.

"జరుగు."

"జరగను."

"ఒక్క నిమిషంరా. వేలితో పాకం సూసి వచ్చేస్తా."

"లోపల పొగ చూసినావా? ఆ నిమిషంలోనే కన్ను పోతాది."

"పోతే నాది పోతాది. నోము పోతే అందరిదీ పోతాది."

"నోము వచ్చే ఏడు మళ్లీ పట్టుకోవచ్చు. కన్ను యాడ తెస్తావు?"

భుజంతో నన్ను తోసింది. ఆ మనిషిలో అంత బలం ఉందని నాకు తెలీదు. నల్లద్దాలు జారి ముక్కు చివరికి వచ్చినాయి. నేను వాటిని పట్టుకున్నాను. ఆమె అదేమీ పట్టించుకోకుండా ఇంకో అడుగు ముందుకి వేసింది.

అప్పుడు వంటింటి వాకిట్లోకి అమ్మ వచ్చి నిలబడింది. వెనకాల పొగ. చేతిలో చెంబు, నిండా నీళ్లు.

"అత్తా, నువ్వు ఇంకొక్క అడుగు వేస్తే పొయ్యిలో నీళ్లు పోసేస్తా. నోమూ వద్దు, ఏమీ వద్దు."

నోము పొయ్యిలో నీళ్లు పొయ్యడమనేది మా ఇంట్లో మాటవరసకి కూడా ఎవరూ అనరు. రేవతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది.

"పోస్తావా?" అనింది అవ్వ.

"పోస్తా."

ఇద్దరూ అట్లే నిలబడినారు. ముందు అవ్వే తల తిప్పింది. "పోస్తాదిరా ఇది" అని నాతో చెప్పి, చాప మీద కూలబడింది.

"ఏడ్చేదానికీ కొట్లాడేదానికీ టైము లేదు," అనింది అమ్మ. "ఉన్న బెల్లం పొయ్యి మీద పెడతాండా. నీళ్లలో చుక్కేసి నీ దగ్గరికి తెస్తా. నువ్వు చేత్తో చూసి చెప్పు."

"నువ్వు తెచ్చేలోపల ఆడ ముదిరిపోతాది."

"పరిగెత్తి తెస్తా."

మొదటి గిన్నె వచ్చింది. అవ్వ నీళ్లలో వేళ్లు పెట్టింది. "జారిపోతాంది. ఇంకా కానీ." రెండో గిన్నె. "తీగ వస్తాంది. కట్టె వెనక్కి లాగు మే, మంట తగ్గించు." అమ్మ వచ్చి పోయినప్పుడల్లా నేను తలుపు తీయాల. తీసినప్పుడల్లా పొగ. ఇంతలో గాలి తిరిగింది. పొగంతా నడిమింట్లోంచి పంచలోకి దూరింది. వీధిలోకి పోదామంటే వాన.

నల్లద్దాల కిందనుంచి నీళ్లు కారడం మొదలైంది.

"మండతాందిరా."

"చెయ్యి పెట్టొద్దు."

"పెట్టలేదు గదా." అంటానే ఎడమ చెయ్యి మొహం దాకా పోయింది. ఆమె పంపలేదు, దానంతటదే పోయింది. నేను మణికట్టు పట్టుకున్నాను. కుడి చేతికి బెల్లం అంటుకోని ఉండాది, అదీ లేచింది. రేవతి రెండు చేతులతో పట్టుకోని ఒళ్లో పెట్టుకునింది. అవ్వ తల విదిలించింది, కాళ్లు నేలకేసి కొట్టింది. "దొంగముండావాళ్లారా, దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నారే, మీ చేతులు పడిపోనూ" అని తిట్టింది. తిడతానే నవ్వింది. నవ్వితే ఇంకా నీళ్లు కారినాయి. "నవ్వొద్దవ్వా!" అని అరిచినాను.

మూడో గిన్నె వచ్చింది. రేవతి కుడి చెయ్యి వదిలింది. ఆ చెయ్యి ఎటుపోతాదోనని నేను దాన్నే చూస్తా ఉన్నాను. నీళ్లలోకే పోయింది. రెండు వేళ్ల మధ్య పాకం ఉండ కట్టింది, మెత్తగా, విడిపోకుండా.

"దించు! దించు మే, పరిగెత్తు!"

అమ్మ పరిగెత్తింది. లోపల గిన్నె దించిన చప్పుడు, పిండి పోసి తెడ్డుతో కలిపే చప్పుడు. అవ్వ వింటా ఉంది. "ఇంక సాలు" అని ఆమె గొణిగేసరికి తెడ్డు కూడా ఆగింది. ఇంత మెల్లగా అన్న మాట అమ్మకి వినపడే దారి లేదు.

ముప్పై నాలుగు అత్తిరసాలు వచ్చినాయి. ఒక్కటీ విచ్చలేదు.

కానీ సాయంత్రానికి అవ్వ కన్ను కోడిజుట్టు మాదిరి ఎర్రబడింది. నాయన వచ్చి చూసినాడు. చుక్కల మందు వేసినాం. తెల్లారినా ఎరుపు తగ్గలేదు, రెప్పలు అంటుకోని ఉన్నాయి. పండగ పూట డాక్టరు ఉండడు, ఎల్లుండి దాకా రాడు. "కనపడతాందా మా?" అని నాయన పదిసార్లు అడిగినాడు. "ఊ" అంటాదే గానీ ఇంకో మాట లేదు. కాఫీలో చక్కెర తక్కువైతే ఊరంతా వినపడేటట్టు అరిచే మనిషి ఆ రోజంతా నొప్పి అని కూడా అనకుండా గోడవైపు తిరిగి పడుకునింది. నాకు ఏ తిట్టూ అంత భయం పుట్టించలేదు. వాకిట్లో అడ్డం నిలబడినానే గానీ, పొగకి ముందే ఆమెని ఎదురింటికి తీసుకుపోయి ఉండొచ్చు. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. అత్తిరసాల రోజు అవ్వ ఇల్లు దాటి ఉండటం మాకెవరికీ ఊహకి కూడా అందదు.

పొద్దుగూకినాక దీపం పెట్టి నోముకి కూర్చున్నాం. అవ్వని నడిపించుకొచ్చి గోడ వారగా కూర్చోబెట్టినాం. కథ అయింది. నాయన కొత్త దారాలు తీసి అమ్మకిచ్చినాడు, అందరికీ కట్టమని. అమ్మ మొదట అవ్వ దగ్గరికి పోయి చెయ్యి చాపింది.

అవ్వ నల్లద్దాలు తీసేసింది. నేను లేవబోయినాను. ఆమె అమ్మ చెయ్యి పట్టుకోని దీపం వైపు తిప్పింది.

"ఏందే ఇది?"

"ఏం లేదత్తా."

"పాకంలో వేలు పెట్టినావా?"

"నీ దగ్గరికి తెచ్చే ముందర నేనొకసారి చూసుకుందామని..."

"గిన్నెలో నేరుగా వేలు పెడతారా ఎవరన్నా? నలభై ఎనిమిదేళ్లలో నాకొక బొబ్బ లేదు."

రెండు రోజులు ఆ చేత్తోనే మాకు వడ్డించింది అమ్మ. రెండేసి కళ్లున్న మాలో ఒక్కరం కూడా చూడలేదు.

"మా," అన్నాడు నాయన మెల్లగా, "బొబ్బ కనపడతాందా నీకు?"

"కనపడకపోతే ఎట్ల చెప్తా? మూడుండాయి. బొటనవేలి మీదది చితికిపోయింది. ముందు వెన్న తెచ్చి దానికి పుయ్యండి, దారాలు తర్వాత."

నాయన పీట మీదనుంచి లేచి వెన్న కోసం వంటింట్లోకి పోయినాడు. పూజ మధ్యలో లేవకూడదని ఎవరూ అనలేదు.