ఫ్రీజర్ అడుగున పొడుగాకులు

కెహౌ, నోహెయా అక్కచెల్లెళ్ళ పిల్లలు. హవాయి దీవుల్లో వైమానాలో అనే ఊళ్ళో ఇద్దరినీ పెంచింది వాళ్ళ అమ్మమ్మ. ఆమెను అందరూ టూటూ అనే పిలుస్తారు. ఒకే రోజు ఒకే బస్సెక్కి ఇద్దరూ కమ్యూనిటీ కాలేజీలో చేరారు. రెండేళ్ళకి నోహెయా యూనివర్సిటీకి మారిపోయింది. కెహౌ మాత్రం మొదటి ఏడాదే బోర్లా పడింది. క్లాసు నచ్చకపోతే వెళ్ళడం మానేసింది. మానేస్తే పేరు వాళ్ళే కొట్టేస్తారనుకుంది. ఆఫీసుకెళ్ళి తనే తీయించుకోవాలని ఎవరైనా చెప్పినా వినే వయసు కాదు. చివరికి అన్నిట్లోనూ ఫెయిలని వచ్చింది, కొన్నాళ్ళు రావద్దని కాలేజీ వాళ్ళు పంపేశారు.

తర్వాత భోజనాల బండిలో అన్నం వడ్డిస్తూ, సాయంత్రాలు మళ్ళీ చదివి, తప్పిన లెక్కలతో కుస్తీ పట్టి గట్టెక్కింది. ఈ వసంతంలో యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టింది. ఆ పాత ఫెయిళ్ళు చూసి కూడా తనను రానిస్తారా లేదా అన్నదే రాత్రింబవళ్ళు ఆమె బెంగ. జవాబు రాలేదు. ఈలోగా నోహెయా పట్టా పుచ్చుకునే రోజు దగ్గరపడింది. ఆ రోజు అయినవాళ్ళంతా మెడలో దండలు వేయడం అక్కడి ఆనవాయితీ.

"కంచె దగ్గర కీ మొక్క ఆకులు కొయ్యి. పొడుగువి చూసి కొయ్యి. దాని మెడలో మొదట నువ్వు పేనిన దండే పడాలి," అంది టూటూ.

"ఊరంతా వేస్తారు. నాది అడుగున పడి ఎవరికీ కనపడదు."

"కనపడ్డానికి వేస్తావా ఏంటే?"

కెహౌ మొహం మాడ్చుకుని పెరట్లోకి వెళ్ళింది. తన పక్కనే కూర్చుని తన చేతిలో అన్నం ముద్ద లాక్కుని తిన్న పిల్లకి ఇప్పుడు ఊరేగింపు. అసూయే అది, వేరే పేరు పెట్టి లాభం లేదు. ఆకులు కోసి, ఈనెలు తీసి, మెత్తబడటానికి ఫ్రీజర్లో పెట్టింది. మర్నాడు తీసేటప్పుడు పొడుగైనవీ మచ్చలేనివీ ఏరి ఐస్‌క్రీం డబ్బాలో కుక్కి, మళ్ళీ ఫ్రీజర్లోనే చేపల పొట్లాల కింద దాచేసింది. తనకూ ఒక రోజు వస్తుంది, అప్పటికి ఉంటాయనుకుంది. రాకపోతే నోహెయాకి మాత్రం మంచివెందుకు అని కూడా అనుకుంది. మిగిలిన పొట్టి ఆకులతో, పురుగు కొట్టినవాటితో నోహెయాకి దండ పేనింది.

పట్టా పుచ్చుకున్న రోజు నోహెయా ఉండే ఇంట్లో విందు. దండలు ఆమె ముక్కుదాకా వచ్చాయి. అడుగున కెహౌది.

"ఆ ఆకేంటే, చెదపట్టినట్టుంది?" అంది చుట్టాల్లో మోమీ ఆంటీ.

"పొడుగువి దొరకలేదు ఆంటీ."

ఇచ్చిన మనిషి ఎదురుగా ఉండగా దండ తీయడం మర్యాద కాదు. చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే నోహెయా ఒక్కో దండా తీసి కుర్చీకి తగిలించింది. పురుగు కొట్టిన దండ మాత్రం కెహౌ ఇంటికి బయల్దేరేదాకా మెడలోనే ఉంచుకుంది. అది చూస్తే కెహౌకి ఇంకా ఒళ్ళు మండింది.

కొన్ని వారాలకి యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చింది. రమ్మన్నారు. టూటూ ఏడ్చి, ముక్కు చీది, వెంటనే అందరికీ ఫోన్లు చేసింది. కెహౌ బండి పని ముగించుకుని ఇల్లు చేరేసరికి నోహెయా అప్పటికే వచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాలి బొటనవేలికి ఆకు కొస బిగించి దండ పేనుతోంది. పక్కన ఐస్‌క్రీం డబ్బా, మూత తీసి ఉంది.

"చేపలు తీయమంది టూటూ. అడుగున ఇవి దొరికాయి," అంది నోహెయా. "ఎప్పుడు కోశావే?"

కెహౌ డబ్బా మూత చేతిలోకి తీసుకుంది. "అప్పుడే."

నోహెయా చేతులు ఆగాయి. "నా దండకి కోసినప్పుడా?"

"ఊఁ."

నోహెయా ఇంకో ఆకు అందుకుంది. "మంచి ఆకులు. ఈ కొస పట్టుకో, బిగువు సడలుతోంది."

కెహౌ పట్టుకుంది. చూస్తుండగానే నిగనిగలాడే పొడుగాటి దండ తయారైంది. నోహెయా దాన్ని ఆమె మెడలో వేసి, బుగ్గ మీద ముద్దు పెట్టింది.

ఆ రాత్రి టూటూ ఇంట్లో విందుకి వచ్చినవాళ్ళందరూ ఎంత బాగుంది దండ అన్నారు. కెహౌకి దాన్ని పీకి అవతల పారేయాలనిపించింది. కానీ వేసిన మనిషి, నోహెయా, ఎదురుగానే కూర్చుని తీరిగ్గా చేప ముళ్ళు ఏరుకుంటోంది. చుట్టాలంతా వెళ్ళిపోయారు. నోహెయా మాత్రం చాప దులిపి పరుచుకుంది, ఇవాళ టూటూ దగ్గరే పడుకుంటానంది.