మంచు ముక్కలో బూడిద

ఉత్తర జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నప్పటి సంగతి ఇది. నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ శ్రీకాంతూ గ్రీన్‌లాండ్ మంచును పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళం. వాడు రోజూ నుదుటి నిండా విభూతి పెట్టుకునేవాడు. సైన్స్ చదివేవాడికి ఇదెందుకని నేను రోజూ వాదనకు దిగేవాణ్ణి.

ఒకరోజు శ్రీకాంత్ కరిగించిన మంచునీటిలో బూడిద రేణువులు కనిపించాయి. "ఇప్పటిదాకా ఎవరూ గుర్తించని అగ్నిపర్వతం బూడిదేమో!" అని మా ప్రొఫెసర్ మేడమ్ సంబరపడ్డారు. అదే నిజమైతే వాడి థీసిస్‌కు తిరుగుండదు.

"పార్టీ ఎప్పుడురా?" అన్నాను.

"ఆగు మామా, నాకేందో డౌట్ కొడ్తుంది" అంటూ నుదురు గీకి, ఆ పొడిని మంచులో దొరికిన రేణువుల పక్కనే మైక్రోస్కోప్ కింద పెట్టాడు. రెండూ ఒకటే!

ఈ మాట చెబితే థీసిస్ పోతుందేమోనని నేను భయపడ్డాను. వాడే వెళ్ళి చెప్పేశాడు. మేడమ్ బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వారు.

"నీ అగ్నిపర్వతాన్ని నువ్వే ఆర్పేశావు. ఇక నీ ఫలితాలను నేను నమ్ముతాను. వెళ్ళి ఇంకో ముక్క కోసుకో" అన్నారు.

అప్పట్నుంచీ వాడు ల్యాబ్ నుంచి వచ్చాకే విభూతి పెట్టుకుంటాడు. మా వాదన ఇంకా తెగలేదు. అయినా, కళ్ళకద్దుకునేదాన్ని సైతం పరీక్షకు పెట్టే ధైర్యం ఉన్నవాడి మీద నాకు బోలెడు ఆశ ఉంది.