గంటగోపురంలో పురిటివాళ్ళు

ఏడో నెలలో మా అమ్మ రాలేదు. ఎనిమిదో నెలలో కదిలించకూడదంటారు కాబట్టి ఇక మిగిలింది తొమ్మిదో నెలే. తొలి పురుడు పుట్టింట్లోనే అన్న ఆచారం మా క్రైస్తవుల ఇళ్ళలోనూ ఉంది, మా అత్తగారి హిందువుల ఇంట్లోనూ ఉంది. తల్లి వచ్చి పిలవనిదే కూతురు తనంతట తాను పెట్టె పట్టుకుని వెళ్ళకూడదన్నదీ ఇద్దరికీ ఉమ్మడే. మా అమ్మ ఉండేది రాంగోపాల్‌పేట్‌లో, నేనుండేది ఏ.ఎస్. రావు నగర్‌లో. మధ్యలో కాసేపు బస్సు ప్రయాణం. ఆ బస్సు ఆమె ఎక్కలేదు.

కారణం అందరికీ తెలిసిందే. నేను చర్చిలో కాకుండా రిజిస్ట్రారు ఆఫీసులో, మావాళ్ళు కానివాణ్ణి పెళ్ళి చేసుకున్నాను. అమ్మ అరవలేదు, ఏడవలేదు. ఆదివారం చర్చిలో ఎదురుపడితే "బావున్నావా" అనేది, జవాబు వినకుండానే పాటల పుస్తకం తెరిచేది. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నాలుగు తిట్టినా బావుండేది.

మా అత్తగారికి ఈ సుతిమెత్తని యుద్ధాలు తెలీవు. "మీ అమ్మ ఇంకెప్పుడొస్తదమ్మా? పిలిస్తే పంపుత. పిలవకుంటే పురుడు నేనే జేస్త, నాకేం తక్లీఫ్ లేదు. మల్ల రేపు మాట మాత్రం నా మీదికి రావద్దు" అనేది. ఆమె అసలు పరేషాన్ నా ఉద్యోగంతో. "కడుపుతోని ఉండి గా గబ్బిలాలేందమ్మా? చేపలో, సీతాకోకచిలుకలో దొరకలేదా మీ సార్లకు?"

దొరకలేదు. నేను గబ్బిలాల మీదే పరిశోధన చేస్తుండేదాన్ని. రెక్క చర్మంలోంచి ఆవగింజంత ముక్క తీసుకుని వదిలేస్తే ఆ చిల్లు కొన్నాళ్ళకు దానంతటదే పూడుకుపోతుంది. ఆ ముక్కలోని డి.ఎన్.ఎ. చూసి ఏ గుంపు ఏ గుంపుకు చుట్టమో తేల్చడం నా పని. అందుకోసం తెలంగాణ కోట గోడల నుంచి తూర్పు కనుమల అవతల కోస్తా గుహల దాకా తిరిగాం. రాష్ట్రం అప్పటికింకా ఒక్కటే. గబ్బిలాలకు మాత్రం కాదు.

పండ్లు తినే పెద్ద గబ్బిలాలకు హద్దులు పెద్దగా పట్టవు. ఎక్కడ పండు పండితే అక్కడికి ఎంత దూరమైనా ఎగిరిపోతాయి, వాటి చుట్టరికాలు దేశమంతా కలిసిపోయి ఉంటాయి. పురుగులు తినే చిన్నరకాల్లో చాలావాటికి అలా కుదరదు. కొండలు అడ్డం, నీడలేని ఎండు మైదానం అడ్డం. వీటికన్నా పెద్ద అడ్డం వాన. వానతోనే పురుగులు పుట్టుకొస్తాయి, పిల్లలు పాలు మానే వేళకు ఆ పురుగులు సిద్ధంగా ఉండాలి. అందుకని వాన ఒక చోట ముందొచ్చి ఇంకో చోట ఆలస్యమైతే, అవి జతకట్టే కాలం కూడా జరిగిపోతుంది. ఒకరి పెళ్ళిళ్ళ రుతువులో ఇంకొకరు ఉండరు. అలా తరాలు గడిచేసరికి పైకి ఒక్కలాగే కనిపిస్తాయి గానీ లోపల నెత్తురు వేరైపోతుంది.

ఆ చిన్నరకం గబ్బిలాల గుంపొకటి మా చర్చి గంటగోపురంలోనే ఉండేది. తిరుమలగిరి వైపు, కంటోన్మెంట్లోని పాత రాతి చర్చి అది. సండే స్కూలు రోజుల నుంచీ వాటి వాసన నాకు తెలుసు. ఆ మే నెలలో గోపురం కిటికీలకు జాలీ కొట్టించాలని చర్చి కమిటీ తీర్మానించింది. మరమ్మతులన్నీ మేలోనే చేయించడం మావాళ్ళకు అలవాటు. బడికి సెలవులు, పైగా వానల ముందు పని అయిపోతుంది. పట్టుబట్టింది ఎవరో కాదు, మా అమ్మే. ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభుబల్ల మీది తెల్లగుడ్డ ఉతికి, గంజిపెట్టి, గోపురం కింది గదిలో ఆరేసేది ఆమె. దాని మీద రెట్టలు పడుతున్నాయి.

"సాయంత్రం అవన్నీ బయటికెళ్ళాక జాలీ కొట్టేద్దాం. ఒక్కటి కూడా చావదు" అన్నాడు కోశాధికారి. పాపం, దయతోనే అన్నాడు. మే నెలలో ఆ గోపురంలో ఉండేవి కొత్తగా కన్న తల్లులనీ, సాయంత్రం మేతకు వెళ్ళేటప్పుడు ఎగరలేని పిల్లల్ని గోడకు వేలాడదీసి వెళ్తాయనీ ఆయనకు తెలీదు.

నా ఎనిమిదో నెల పొట్టతో ఆ మీటింగులో నిలబడి, మ్యాప్ చూపించి, కొండల గురించీ వానల గురించీ చెప్పాను. పెద్దలు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. అమ్మ ఒక్కతే మాట్లాడింది, అదీ నన్ను కాదు, పాస్టరుగారిని చూస్తూ.

"ఇక్కడికే ఎందుకు రావాలండీ? కంటోన్మెంట్లో ఇంకో గోడ లేదా?"

"ఉన్నాయి" అన్నాను నేను. "కానీ ఇవి ఇక్కడ పుట్టినవి. మగవి పెద్దయ్యాక ఎటో పోతాయి. ఆడవి మాత్రం ఏడాదంతా ఎక్కడ తిరిగినా పురిటికి పుట్టినచోటికే వస్తాయి. వీటి తల్లులూ ఇక్కడే కన్నాయి, అమ్మమ్మలూ ఇక్కడే కన్నాయి. తల్లివైపు నుంచి వచ్చే డి.ఎన్.ఎ. చూస్తే ఈ గోపురంలోవన్నీ ఒక్క తల్లి బిడ్డల్లాగే ఉన్నాయి."

"తీరా వచ్చేసరికి మూసి ఉంటే?"

"మూసేశారని వాటికెలా తెలుస్తుంది? అక్కడక్కడే తిరుగుతాయి" అన్నాను. గబ్బిలాల గురించే మాట్లాడుతున్నానని నాకు నేను చెప్పుకుని కూర్చున్నాను.

అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వానలు పడి పిల్లలు ఎగిరేదాకా జాలీ వద్దు. గుడ్డ మా ఇంట్లో ఆరేసుకుంటాను" అంది. అమ్మ ఒకసారి అన్నాక మా కమిటీలో చర్చ ఉండదు.

బయటికొచ్చేసరికి పొద్దు గూకుతోంది. కిటికీ సందుల్లోంచి గబ్బిలాలు ఒక్కొక్కటే జారి బయటపడుతున్నాయి. అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది, పెళ్ళయ్యాక మొదటిసారి.

"నువ్వు పుట్టేటప్పుడు నన్ను పురిటికి తీసుకెళ్ళడానికి మా అమ్మ బందరు నుంచి రావలసింది" అంది పైకి చూస్తూనే. "పెట్టె సర్దుకుని కూర్చున్నాను. ముసురు పట్టింది, వాన తగ్గాక బయల్దేరదామని ఆగిందట. తగ్గలేదు. తుఫానై రైలుపట్టాలు కొట్టుకుపోయాయి. ఉత్తరం లేదు, మనిషి లేదు. రాలేకపోయిందని తర్వాత తెలిసింది గానీ, నొప్పులు పడుతున్నంతసేపూ కావాలనే రాలేదనుకున్నాను."

ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేను సికింద్రాబాదు పిల్లనవడానికి బంగాళాఖాతంలో లేచిన తుఫాను కారణమని ఆ సాయంత్రమే తెలిసింది. ఇప్పుడైనా 'రా' అంటుందని ఆమె మొహంలోకి చూశాను. బస్సొచ్చింది. "జాగ్రత్త" అని ఎక్కేసింది. ఏడుపు రాలేదు నాకు, కోపమొచ్చింది. అమ్మమ్మకు తుఫాను అడ్డం, గబ్బిలాలకు కనుమలు అడ్డం. మా అమ్మకేం అడ్డం?

జూన్‌లో తొమ్మిదో నెల పడింది. వానలు షురూ అయ్యాయి. ఒక మధ్యాహ్నం కుండపోతగా కురుస్తుంటే మా ఇంటి ముందు ఆటో ఆగింది. అమ్మ దిగింది, గొడుగున్నా నిలువునా తడిసి, చేతిలో గాజులూ మిఠాయిలూ ఉన్న సంచీతో. ఆ గడపలోకి రావడం అదే మొదలు.

"వదినగారూ, పిల్లను తీసుకెళ్దామని వచ్చాను" అంది మా అత్తగారితో.

"గింత వానల ఏంది వదినా! జెర కూసోండ్రి, చాయ్ తాగుండ్రి. వాన తగ్గినంక పోదురు తియ్యి."

అమ్మ కూర్చోలేదు. చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ, "వద్దు వదినగారూ. వాన తగ్గేదాకా ఆగకూడదు" అంది.

ఏడో నెలలోనే సర్దిపెట్టుకున్న నా పెట్టె సంగతి నేనెవరికీ చెప్పలేదు. అమ్మ నన్ను అడగను కూడా అడగలేదు. తిన్నగా లోపలికొచ్చి, వంగి, మంచం కిందనుంచి దాన్ని బయటికి లాగింది.