మూడోరోజు మారే బండి

మా ఆఫీసులో టైపు కొట్టే ఒక పెద్దాయన ఉండేవాడు. మధ్యాహ్నం భోజనానికి ఏ తోపుడుబండి దగ్గరా వరసగా రెండు రోజులకు మించి నిలిచేవాడు కాదు. అరవైల మొదట్లో, నెల్లూరు ట్రంకు రోడ్డు మాట ఇది. ఒకచోట పులిబొంగరాలు, ఇంకోచోట నిమ్మకాయ పులిహోర, స్టేషను దగ్గర చేపల పులుసూ అన్నం. ఆ పులుసంటే నాకు ప్రాణం. తింటున్నంతసేపూ ఆయన కాలొకటి రోడ్డు వైపే ఉండేది. నేను చెయ్యి కడుక్కోకముందే, "పోదాం పా అబయా" అనేవాడు.

ఒకసారి మొండికేసి, మూడోరోజు కూడా ఆయన్ని పులుసు బండి దగ్గరికే లాక్కెళ్లాను. బండామె చనువుగా నవ్వి, ఇద్దరికీ ఒక్కో ముక్క ఎక్కువే వేసింది.

"మూడ్రోజుల్నించీ వస్తుండారే, ఏ ఊరన్నా?"

"కోవూరు."

"కోవూర్లో ఏ పేట? మీరేమిటోళ్లు?"

ఆయన ఆకు కింద పెట్టి వెళ్లిపోయాడు. ముక్క ముట్టనేలేదు. నేను వెనకాలే పరుగెత్తాను.

"మూడోరోజు కులమడగతారబయా. చెప్పినామా, నాలుగోరోజు పులుసు పైనుంచి పోస్తారు" అన్నాడు, నడక ఆపకుండా.

ఆమెను తిట్టబోయి ఆగిపోయాను. ఆఫీసులో చేరిన రోజు, పేరైనా తెలుసుకోకముందే ఆయన్ని నేనడిగిందీ అదే.  ఆయన టైపు మిషను మీద గుడ్డ కప్పి, లేచి నిలబడి, "ఆకలిగా లేదా? పోదాం పా అబయా" అన్నాడు.