రంగు తిరిగి వచ్చేదాకా

అమలాపురంలో మా చర్మవైద్యురాలు పోయారని మొన్న పొద్దున్నే ఫోను వచ్చింది. నమ్మలేదు. మరో ఇద్దరిని అడిగి రూఢి చేసుకున్నాను. అనుమానం నాకు పుట్టుకతో ఉంది. దానికి మర్యాద నేర్పింది ఆవిడే.

చిన్నతనంలో కొబ్బరి మట్ట పడి మా అక్క బుగ్గ మీద గుంట మిగిలింది. కువైట్‌లో వంటపని చేసి వస్తూ, ఆ గుంటను పూడ్చే ఫిల్లర్ ఇంజెక్షనును చీరల మధ్య దాచి తెచ్చుకుంది. డాక్టరు గారు దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూశారు. పెట్టె మీది నంబరుకూ సిరంజి మీది నంబరుకూ పొంతన లేదు. ఇది ఎవరి ముఖంలోకీ వెళ్లదని పక్కన పెట్టేశారు. సొంత మందు అమ్ముకోవడానికి కాదు కదా అని అడిగాను.

"అనుమానించండి బాబూ. మీరు గుమ్మం దగ్గర, నేను సూది దగ్గర."

ఆవిడ నమ్మనివి ఇవి: అతికించిన సీలు, రాత్రి కరెంటు పోయిన ఫ్రిజ్, తొందరపడే పేషెంటు, అన్నిటికన్నా ముందు తన చెయ్యి. కొత్త పెట్టెను అక్క చేతే విప్పించారు. ఫిల్లర్‌ను కరిగించే విరుగుడు మందు బల్ల మీదికి వచ్చాకే సూది పట్టారు. గుచ్చి, సూది రక్తనాళంలో పడిందేమోనని సిరంజి పిడి వెనక్కి లాగి, రక్తం రాకపోయినా నమ్మక, చుక్క చుక్కగా ఎక్కించారు. అక్క తొందరపెట్టింది.

"గంజి వార్చినట్టు ఒంపేయమంటావా? వంటమనిషివి, నీకు నేను చెప్పాలా అమ్మా?"

అంతలో బుగ్గ పక్కన చర్మం పాలిపోయింది. ఆవిడ వెంటనే ఆపి, వేలితో నొక్కి వదిలారు. రంగు తిరిగి రాలేదు. నెత్తురు అందకపోతే ఆ చోటు చచ్చిపోతుందని మెల్లగా చెప్పారు. నొప్పి లేదండీ అంది అక్క.

"నువ్వు లేదన్నా నేను నమ్మను."

విరుగుడు ఎక్కించారు, రుద్దారు, వేడిగుడ్డ వేశారు. మళ్లీ మళ్లీ నొక్కి చూశారు. చాలాసేపటికి వేలి కింది తెలుపులోకి ఎరుపు పాకింది. అప్పటికి గానీ ఆవిడ కూర్చోలేదు. గుంట మాత్రం అలాగే ఉంది.

"ఉండనీ. బుగ్గ దక్కింది."

ఫోనులో బాగానే ఉందన్న నా మాట చాలక, మర్నాడు ఆటోలో మా ఊరు బండారులంక వచ్చి మరీ నొక్కి చూసి వెళ్లారు. అక్క మళ్లీ పూడ్పించుకోలేదు.

నిన్న ఆవిడ ఇంట్లో ప్రార్థన ముగిసి, శవపెట్టె మూయబోతుండగా, అక్క ముందుకు వెళ్లింది. ఆవిడ బుగ్గ మీద వేలు ఆనించి, నొక్కి, వదిలింది. అక్క వంగి, కళ్లార్పకుండా, అక్కడే చూస్తూ నిలబడింది.